అడుగుమడ్డి

మా యింటి సావడిలో నొక సముద్రమున్నది. చదువరులు నవ్వవలదు. మూడడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర లోతు గల గాజుతొట్టిలో సుమారు 190 లీటర్ల యుప్పునీరు, కొంచెము తెల్లని యిసుక, కాల్చిన మట్టితో జేసిన నాలుగు రాళ్ళు, ఆఱు చేపలు: ఇంతియే మా సముద్రము. విశాఖపట్టణములో నిజమైన సముద్రమునకు మూడు కిలోమీటర్ల దూరమున కాపురముండి, యింటిలో నింకొక సముద్రమేల యని మా తల్లిగారు మొదట నాక్షేపించిరి. నెల తిరుగకమునుపే యామె సాయంకాలపు జపమునకు దేవునిగది విడిచి తొట్టి యెదుటికి కుర్చీ మార్చుకొనిరి. మా యింటికి వచ్చినవారెల్లరు ఆ తొట్టిని జూచి, 'ఎంత స్వచ్ఛముగా నున్నది!' అని మెచ్చుకొనువారు. మేము వినయము నటించుచు ఆ మెప్పును స్వీకరించువారము. ఆ స్వచ్ఛత యెక్కడనుండి వచ్చుచున్నదో వారడుగలేదు, మేమును చెప్పలేదు. ఆ చెప్పని మాటను చెప్పుటకే యీ వ్యాసము.

తొట్టిలో పగడములు లేవేమని కొందఱడుగుదురు. 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టము కాపాడు జీవుల పట్టికలో 2001లో పగడములను గూడ జేర్చిరి. కనుక వానిని సముద్రమునకే విడిచితిమి. మా చేపలలో రెండు, నారింజవన్నెపై తెల్లపట్టెలు గల క్లౌన్ చేపలు. వీనిని నేడు మన దేశములోనే తొట్లలో గ్రుడ్లు పెట్టించి పెంచుచున్నారు. తక్కిన నాలుగును వ్రేలెడు పొడవైన నీలి డాంసెల్ చేపలు.

ఇక అసలు సంగతికి వచ్చెదము. ఆ తొట్టి యొక కొయ్యబీరువామీద నున్నది. బీరువా తలుపులెప్పుడును మూసియే యుండును. తెఱచినచో లోపల మఱియొక గాజుపెట్టె కనబడును. దానిని ఇంగ్లీషువారు సంప్ అందురు. ఆ మాటకు మొదటి యర్థము చిత్తడినేల. తరువాత గనులలో ఊటనీరు చేరు గోతికి ఆ పేరు వచ్చినది; పిమ్మట మురికినీరు చేరు గుంటకును వచ్చినది. మన పట్టణములలోనో, సంపనగా నేలలో గట్టిన మంచినీటితొట్టి. ఒకరి భాషలో మురికిగుంటయైన మాట మఱియొకరి భాషలో మంచినీటితొట్టియైనది. మా బీరువాలోని సంపు ఈ రెండర్థములను గూడ మోయుచున్నది: మురికి చేరునదియు అదియే, మంచినీటిని పైకి బంపునదియు అదియే.

దాని పని యిట్టిది. పైతొట్టిలో అంచు దాటిన నీరు గొట్టముగుండ క్రిందిపెట్టెలోనికి జారును. అక్కడ నది మూడు గదులు దాటవలెను. మొదటిగదిలో మేజోడు వంటి గుడ్డసంచి వ్రేలాడుచుండును. అది కంటికి గనబడు చెత్తను పట్టుకొనును. రెండవగదిలో నురుగుయంత్రము. అది సన్నని గాలిబుడగలను పుట్టించును. నీటిలోని జిడ్డుపదార్థములు ఆ బుడగలకంటుకొని, కడలియొడ్డున గట్టు నురుగువలె పైకి వచ్చి యొక గిన్నెలో పడును. ఆ ప్రక్కనే సందులు సందులుగానున్న రాళ్ళబుట్ట. సూక్ష్మజీవులకది గ్రామము వంటిది. మూడవగదిలో మోటారు; అది నీటిని మరల పైకెత్తును. పైన వేగముగా ప్రవహించు నీరు ఈ వెడల్పైన గదులలో మందగించును. మందగించిన నీరు మోయుచున్న దానిని విడిచిపెట్టును. గోదావరి సముద్రము చేరుచోట మందగించి ఒండ్రు విడిచి లంకలు కట్టుట మన కెఱుకయే. మా సంపులో గూడ అట్లే యొక లంక పుట్టుచున్నది. చేపల మలము, అవి తినక విడిచిన మేత, చచ్చిన నాచు, తెగిన పాచి, యివి యన్నియు గలిసి యా లంక. మా తల్లిగారు నూనెకుండ యడుగున దిగుదానిని మడ్డి యందురు. ఈ లంకకును ఆ మాటయే తగును.

మేము 2023 సెప్టెంబరులో ఈ తొట్టిని పెట్టితిమి. ప్రతి యాదివారమును మెత్తని గుడ్డతో పైతొట్టి గాజును లోపల వెలుపల తుడుచువారము. నీరు ఆవిరియైనంత మేర శుద్ధజలము పోయువారము. ఏలయన ఆవిరియగునది నీరే కాని ఉప్పు కాదు, ఉప్పునీరే పోసినచో రానురాను చేపలకు ప్రాణాంతకమగును. లీటరునకు 35 గ్రాముల చొప్పున ఉప్పు కలిపి నెలకొకసారి కొంత నీరు మార్చువారము. ఇవియన్నియు చక్కగా జేసితిమి. బీరువా తలుపు మాత్రము సంచి మార్చుటకు తెఱచి, ముక్కు పట్టుకొని, వెంటనే మూయువారము. పదునాఱు మాసములు ఆ పెట్టె యడుగున నేమున్నదో వంగి చూడలేదు. కారణము చదువరులు గ్రహించియే యుందురు. అతిథులు దానిని చూడరు.

మా యింట పని చేయుట కొక స్త్రీ వచ్చుచుండెను. వయస్సు నలువది దాటినది. మూడేండ్లుగా వచ్చుచున్నను ఒకనాడైన పని చెడగొట్టినది కాదు. తొట్టి వెలుపలి గాజును, బీరువాచుట్టు నేలను ఆమె తుడుచును. 2025 సంక్రాంతి సెలవులలో మేము కుటుంబముతో రాజమహేంద్రవరము పోవలసివచ్చి, చేపలకు మేత వేయు పని ఆమె కొప్పగించితిమి. ఎక్కువ వేయునేమో యని భయపడి, పది దినములకు పది కాగితపు పొట్లములు గట్టి, దినమునకొకటి మాత్రమే వేయవలెనని మూడుమార్లు చెప్పితిమి. బడిపిల్లలకు చెప్పినట్లే చెప్పితిమి. ఆమె తల యూపెను.

పదునొకండవ దినమున తిరిగివచ్చి తలుపు తీయగానే వాసన కొట్టెను. నీరు మజ్జిగతేట వలె మసకగా నున్నది. మూడు డాంసెల్ చేపలు చచ్చి తేలుచున్నవి. క్లౌన్ చేపలలో పెద్దది యిసుకమీద ప్రక్కకొఱగి మొప్పలాడించుచు, మేము చూచుచుండగనే ప్రాణము విడిచెను. మా యమ్మాయి యేడ్చుచు లోపలికి పోయెను. అప్పుడే పనిచేయు నామె వచ్చినది. మేము చెప్పు లైనను విడువక ఆమెను నిలువదీసితిమి. పొట్లములు చాలక గుప్పిళ్ళతో మేత వేసియుందువంటిమి. నీళ్ళలో సబ్బు కలిపితివేమో యంటిమి. చదువు లేనివారి కొప్పగించుట మాదే తప్పంటిమి. ఈ కడపటి మాట వ్రాయుటకు ఇప్పుడు చేయి వణకుచున్నది.

ఆమె యొకటే చెప్పినది. "రోజుకో పొట్లమే ఏసినాను బాబూ. కాయితాలు దాసినాను, ఇవిగో." వంటయింటి గడప బయట గూటిలోనుండి యొక పాత డబ్బా తీసి మా ముందుంచినది. మేము దానివంక చూడలేదు. ఆమె డబ్బా నక్కడనే యుంచి వెడలిపోయినది. మఱునాడు రాలేదు. పదునెనిమిది దినముల జీతము మాయొద్దనే యుండిపోయినది.

మేము ఉన్నతపాఠశాలలో ఇంగ్లీషు చెప్పుదుము. చిన్ననాట తాతగారియొద్ద సంస్కృతము చదివి, తర్కసంగ్రహమును ముగించినవారము. పర్వతముమీద పొగ యున్నది గనుక నిప్పున్నదని యూహించుటకు, ఎల్లచోట్లను పొగ నిప్పును విడువదను జ్ఞానము ముందుండవలెనని యెఱుగుదుము. కాకి వ్రాలినప్పుడే తాటిపండు రాలినంతమాత్రమున కాకియే రాల్చినదనరాదని పిల్లలకు కాకతాళీయన్యాయమును చెప్పి నవ్వించితిమి. ఆనాడు మేము చేసిన తర్కమిది: చేపలు చచ్చినవి; ఇంటిలో నున్నది పనిమనిషి; కాబట్టి పనిమనిషి చంపినది. ఎదుట నున్న ప్రత్యక్షప్రమాణమును, ఆ డబ్బాను, విప్పి చూడనేలేదు. చదువు లేనివారెవరో చదువరులే నిర్ణయింపవచ్చును.

ఆ రాత్రి మా గృహిణి యా డబ్బా విప్పినది. అందులో పది కాగితములు, పదియు నాలుగు మడతలు పెట్టినవి. ఒక్కొక్కదానిమీద బొగ్గుతో నొక గీత. మొదటిదానిమీద నొకటి, రెండవదానిమీద రెండు, ఇట్లు పదివఱకు. మా గృహిణి వానిని భోజనపు బల్లమీద వరుసగా పఱచి, యేమియు ననక లోపలికి పోయినది. ఆమె మాటలాడియున్నచో మాకు కొంత సుఖముగా నుండెడిది.

నిద్ర పట్టలేదు. లేచి, చేతిదీపము పట్టుకొని, బీరువా తలుపులు రెండును తెఱచి, నేలమీద మోకరించి మొదటిసారిగా సంపులోనికి వంగి చూచితిమి. గుడ్డసంచి మడ్డితో బిగిసి తోలుతిత్తి వలె నున్నది. నీరు దానిలోనుండి కాక దాని మీదుగా పొర్లుచున్నది. మొదటిగది యడుగున రెండు వ్రేళ్ళ మందము ఊదారంగు బురద. నడిమిగదిలో నురుగుగిన్నె నిండి, దానిలోని గోధుమరంగు ద్రవము మరల నీటిలోనికే కాఱుచున్నది. రాళ్ళబుట్టమీద దుప్పటి కప్పినట్లు మడ్డి. మూలలలో ఆ బురద నల్లబడి, దీపము దగ్గఱకు తీసికొనగా కుళ్ళిన గ్రుడ్డు వాసన వచ్చినది. గాజు పైయంచున ఉప్పు తెల్లగా పొక్కులు గట్టినది. మా యమ్మాయి నిద్రలేచి మా వెనుక నిలిచినట్లు మే మెఱుగము. "నాన్నగారూ, ఈ పెట్టె కడగడం ఎవరి పని?" అని యడిగినది. పదుమూడేండ్ల పిల్ల యడిగిన యా ప్రశ్నకు మాయొద్ద ప్రత్యుత్తరము లేకపోయెను.

తెల్లవాఱిన పిమ్మట పరీక్షచుక్కలు వేసి చూడగా, పసుపుగా నుండవలసిన నీరు ఆకుపచ్చగా మాఱినది. అమ్మోనియా యున్నదని యర్థము. చేపలు మొప్పలగుండ అమ్మోనియాను విడుచుచుండును. కుళ్ళుచున్న మడ్డియు విడుచును. అది చేపలకు విషము. దానిని మొదట నైట్రైటుగాను, తరువాత నంతగా హానిచేయని నైట్రేటుగాను మార్చు సూక్ష్మజీవులున్నవి. 1890లో సెర్గీ వినోగ్రాడ్‌స్కీ యను రష్యా శాస్త్రజ్ఞుడు వానిని వేఱుచేసి పెంచి చూపెను. మా రాళ్ళబుట్టలోని గ్రామస్థులు వీరే. వీరికి ప్రాణవాయువు గావలెను. మేము లేని దినములలో నొకనాడు తీగెల మరమ్మతుకై పగలంతయు విద్యుత్తు నిలిచెనని కావలివాడు చెప్పెను. మోటారు నిలిచినది; నీరు కదలలేదు; ఆ మడ్డి యంతయు కుళ్ళుచు సంపులోని ప్రాణవాయువును త్రాగివేసినది. సూక్ష్మజీవులు చచ్చినవి. సాయంకాలము విద్యుత్తు రాగానే మోటారు నిష్పక్షపాతముగా ఆ విషజలమును పైకెత్తి చేపలమీద పోసినది.

విద్యుత్తు నిలుచుటయే కారణమనరాదా యని చదువరులడుగవచ్చును. మేమును మొదట అట్లే తప్పించుకొనజూచితిమి. కాని 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను దినములలో అంతకంటె నెక్కువ గంటలు మా వీథిలో విద్యుత్తు లేదు. అప్పు డొక్క చేపయు చావలేదు. అప్పటికి తొట్టి పెట్టి మూడు మాసములే. సంపు కొత్తగా నుండెను. రెండు పర్యాయములకును నడుమ మాఱినది మడ్డి యొక్కటే. మడ్డి కెవరు కర్త యనగా, గాజు తుడిచి మెప్పు గొన్న మేమే.

ఈ విద్య చరిత్రను వెదకి చదువుచుండగా నొక కథ మా కంటబడినది. 1846లో ఆనా థిన్ అను నాంగ్లస్త్రీ టార్కీ తీరమున రాతిపగడములను సేకరించి లండనులోని తన యింటికి తీసికొనిపోయెను. ఉప్పునీటి జీవులను ఇంటిలో చిరకాలము బ్రదికించినవారిలో ఆమె ప్రథమగణ్యురాలు. మోటారులు లేని కాలము. సముద్రపునీరు మాటిమాటికి తెచ్చుట కష్టము. అందువలన ఉన్న నీటినే తెఱచిన కిటికీయొద్ద ఒక పాత్రనుండి మఱియొక పాత్రలోనికి, అరగంటయు ముప్పావుగంటయు, మరల మరల పోయించి గాలి పట్టించెడిది. పోసినది ఆమె కాదు, ఇంటి పనిపిల్ల. 1859లో ప్రకటించిన తన వ్రాతలో ఆ దొరసాని యీ సంగతిని దాచక చెప్పినది. పిల్ల పేరు మాత్రము చెప్పలేదు. నేడు యంత్రములు చేయుపని యప్పు డొక పిల్ల రెండు చేతులు చేసినవి. ఆ చేతులు అలసినచో పగడములు చచ్చెడివి. మన యిండ్లలోని ప్రతి స్వచ్ఛత క్రిందను ఇట్టి చేతులున్నవి. మనము వానికి పేరు పెట్టుట మఱచిపోవుదుము.

ఇక కడుగుట. ఎవరినైన పిలిపించి చేయించవచ్చునని మిత్రుడొకడు చెప్పెను, ఒప్పుకొనలేదు. మే మొకదినము ముందుగనే 40 లీటర్ల ఉప్పునీటిని కలిపి, పైతొట్టితో సమానమైన వేడిమికి తెచ్చి యుంచితిమి. ఆదివారమునాడు చొక్కా విప్పి, మోచేతులవఱకు రబ్బరు తొడుగులు తొడిగికొని కూర్చుంటిమి. మొదట మోటారు, నురుగుయంత్రము, నీరు వెచ్చజేయు కడ్డీ, అన్నింటి తీగెలను గోడనుండి యూడదీసితిమి. ఉప్పునీరు, విద్యుత్తు, తడిచేయి ఈ మూడును కలిసినచోట పాండిత్యము రక్షింపదు. కడ్డీని చల్లాఱనిచ్చి తీయవలెను. వేడిగా నుండగా నీరు తగ్గినచో పగులును. మోటారు నిలువగానే పైనుండి గొట్టములోని నీరు కొంత దిగివచ్చి సంపు మట్టము పెఱిగెను. సంపును ఎన్నడును అంచువఱకు నింపరాదనుట యిందుకే.

గుడ్డసంచిని తీసి లోపలిది వెలుపలికి త్రిప్పి కుళాయి క్రింద కడిగితిమి. సబ్బు తగులరాదు. నాలుగు బక్కెట్ల నీరు నల్లబడిన తరువాత దాని రంగు తెలుపని జ్ఞాపకము వచ్చినది. నురుగుగిన్నెలోని ద్రవము వాసన వర్ణించి చదువరులను బాధింపము. పిమ్మట సన్నని రబ్బరుగొట్టమును మడ్డిలోనుంచి, మఱియొక కొనను క్రింద బక్కెట్టులో పెట్టి, ఒక్కొక్క గదిని నెమ్మదిగా పీల్పించితిమి. ఇక్కడ తొందర పనికిరాదు. కఱ్ఱ పెట్టి కలియబెట్టినచో మడ్డి లేచి నీరంతయు కలుషితమగును. నల్లని భాగము రేగినచో మఱింత ప్రమాదము. పొరలు పొరలుగా, పైనుండి క్రిందికి తీయవలెను. మూలలనుండి పెద్దపిచికారీతో పీల్చితిమి. గొట్టము చేరనిచోట వ్రేళ్ళే చేరినవి.

రాళ్ళబుట్ట వచ్చినప్పుడు మా యమ్మాయి దానిని కుళాయి క్రింద పెట్టబోయెను. వారించితిమి. కుళాయినీటిలోని క్లోరిను మనకు మేలు చేయును కాని ఆ సూక్ష్మజీవులను చంపును. తొట్టిలోనుండి తీసిన ఉప్పునీటిలోనే రాళ్ళను ముంచి, రెండుమార్లు జాడించి, మరల పెట్టితిమి. బక్కెట్టులోని మడ్డిని దీపముతో చూడగా, నువ్వుగింజలో సగము లేని ప్రాణులు వేనవేలు గంతులు వేయుచున్నవి. సన్నని పురుగులు కదలుచున్నవి. మడ్డిని తిని బ్రదుకు జీవులవి. వానిలో కొన్నింటిని గరిటెతో తీసి సంపులోనికే విడిచితిమి. అన్నిటిని ఒక్కనాడే తళతళలాడించిన యెడల తొట్టి మరల చచ్చును. కడుగుట వేఱు, చంపుట వేఱు. కొత్త ఉత్సాహమున్న సంస్కర్తలకు ఈ భేదము తెలియుట మంచిది. సిర్కా కలిపిన నీటిలో మోటారును నానవేయగా దానిపై గట్టిన సున్నపు పెంకు బుడబుడలాడి కరగిపోయెను. కలిపి యుంచిన ఉప్పునీరు పోసి, తీగెలు తగిలించి, మోటారు వేసి, గంటసేపు అక్కడనే కూర్చుంటిమి. మూడు గంటల పని. నడుము పట్టినది. మిగిలిన రెండు చేపలు సాయంకాలమునకు మేతకు వచ్చినవి.

మడ్డి మూలలలోని యా కుళ్ళిన గ్రుడ్డు వాసన మమ్ము చాలదినములు విడువలేదు. అది హైడ్రోజన్ సల్ఫైడ్ అను వాయువు. ప్రాణవాయువు చొరని మడ్డిలో కొన్ని సూక్ష్మజీవులు నీటిలోని సల్ఫేటులను వాడుకొని దానిని విడుచును. సముద్రజలములో సల్ఫేటులకు కొదువ లేదు. మా గాజుపెట్టెలో అది ముక్కు మూసికొనునంతయే. ఆ వాయువే వీథుల క్రింది మురికికాలువలలో నిండి, మూత తీసి దిగిన మనుష్యులను చంపుచున్నది. అది మితిమీఱినచో ముక్కు దాని వాసన పట్టు శక్తినే కోల్పోవును. దిగినవాడు అపాయము తొలగినదనుకొని యింకను దిగును. మనుష్యులచేత మలము నెత్తించుటను నిషేధించుచు 1993లో నొక చట్టము, 2013లో మఱింత గట్టి చట్టము వచ్చినవి. 1993 మొదలు మురికికాలువలలో మరణించినవారి కుటుంబములకు పదేసి లక్షల రూపాయలీయవలెనని 2014లో సర్వోన్నతన్యాయస్థానము తీర్పు చెప్పెను. 2023లో అట్టి మరణములకు పరిహారమును ముప్పది లక్షలు చేసెను. కోలారు బంగారుగనులయొద్ద తెలుగుకుటుంబమున బుట్టిన బెజవాడ విల్సన్ యీ పనినుండి మనుష్యులను విడిపించుటకే జీవితము ధారపోసి 2016లో మెగసెసే బహుమానము పొందెను. ఈ సంగతులు మేము తరగతిలో చెప్పినవే. చెప్పునప్పుడు మా ముక్కునకు వాసన లేదు. మడ్డిలో మోచేతులవఱకు చేయి పెట్టిన తరువాతనే, శుభ్రముచేయువానిని అశుచి యనుట యెంత తలక్రిందులైన మాటయో మా చర్మమునకు తెలిసినది. మురికి చేసినవాడు శుచి, తీసినవాడు అశుచి! ఇంతకంటె వింత న్యాయమును తర్కశాస్త్రము కనిపెట్టలేదు.

మా యింటి కిటికీమీద నొక స్టీలుగ్లాసు వేఱుగా నుండెడిది. ఆమె టీ త్రాగు గ్లాసది. సభలలో కులభేదమును ఖండించుచు మేము పలుమార్లు మాటలాడితిమి. మూడేండ్లుగా ఆ గ్లాసు మా చదువుకుర్చీకి నాలుగడుగుల దూరమున నున్నది. దానినెవరక్కడ పెట్టిరని మేమెన్నడు నడుగలేదు. సంపు కడిగిననాడే దానిని జూచితిమి. మడ్డి దిగునది గాజుపెట్టెలలో మాత్రమే కాదు.

తరువాతి యాదివారము, ఆగిన జీతము తీసికొని, కొండవాలున నున్న యామె యింటికి పోయితిమి. మా గృహిణియు వచ్చినది. వాకిట తెఱచిన కాలువ పాఱుచున్నది; గడప మాత్రము కడిగి ముగ్గు వేసియున్నది. తప్పు మాదే, చేపలు నీవలన చావలేదు, మేము కడుగక విడిచిన పెట్టెవలన చచ్చినవని చెప్పితిమి. ఈ వాక్యమును త్రోవపొడుగునను కూర్చుకొనిపోయితిమి. ఆమె యెదుట నది సగమే వచ్చినది.

ఆమె విని, కొంతసేపూరకుండి, "కాయితాలు సూపినాను గదా బాబూ. మీరు సూడనేదు" అనినది.

కోపముతో ననలేదు, ఏడ్చుచు ననలేదు. మా పిల్లవాడొకడు లెక్క తప్పు చేసినప్పుడు మేము చెప్పునట్లు చెప్పినది. మేమేమందుము? జీతము లెక్కించుకొని, నాలుగునాళ్ళు తాను రాలేదని ఆ నాలుగునాళ్ళ సొమ్ము తిరిగి యీయబోయినది. రాని దోషము తనది కాదని మా గృహిణి వారించినది. మరల పనికి రమ్మని యడుగగా, వేఱొకచోట నొప్పుకొంటినని చెప్పినది. అది నిజమో, మా మనస్సు నొప్పింపకుండుటకన్న మాటయో విచారించు నధికారము మాకు లేదు. "మిగిలిన రెండూ బతికినాయా?" అని మాత్రము మా యమ్మాయిని గూర్చి యడిగినంత యాదరముతో నడిగినది. బ్రదికినవంటిమి.

నాటినుండి ప్రతి నెలయు మొదటి యాదివారమున సంపు కడుగుచున్నాము. మా యమ్మాయి దీపము పట్టుకొనును. ఒక్కొక్కప్పుడు గొట్టము తానే పట్టుకొని మాకు దీపమిచ్చును. నెలకొకసారి కడిగినచో మడ్డి చిటికెడే యుండును. ముప్పావుగంటలో పని ముగియును. పదునాఱు మాసములు దాచినదే పర్వతమగును. వాకిట ముగ్గు వేసి పెరటి జలదారిని మఱచుట మన యిండ్లలో నలవాటు. వచ్చినవారికి పైతొట్టిని చూపిన పిదప, ఇప్పుడు బీరువా తలుపు తెఱచి క్రిందిపెట్టెను గూడ చూపుచున్నాము. కొందఱు ముక్కు మూసికొందురు. మా తల్లిగారు మొదట విసుగుకొనిరి. ఇప్పు డేమియు ననరు.

ఇప్పుడింటిపనులు మేము నలువురము పంచుకొంటిమి, వేఱొకరిని పెట్టుకొనలేదు. కిటికీమీది గ్లాసును మా గృహిణి తక్కిన గ్లాసులలో కలిపివేసినది. అవి యన్నియు నొకేరీతివి. ఏది యామెదో ఇప్పుడు మాకు తెలియదు. ఆ పది కాగితములు మాత్రము మా మేజాసొరుగులో, తర్కసంగ్రహము ప్రక్కన, మడతలతోనే యున్నవి.